ఒక చెవికే

చెంగయ్యా, ముందీ మాట ఇను:
ఇయర్‌ఫోను ఒక చెవికే.
రెండో చెవి ఏరేటర్లది.
దీనికి ఒప్పుకుంటేనే మిగతాది చెప్తా.

సిగ్నలు జనరేటరు షెడ్డు మీద దొరుకుతాది,
అదీ మైపాడు వైపు తిరిగి నిలబడితే.
సాయంకాలం మేత చల్లే లోపల ఎక్కి
నాలుగైదు దించుకో. తెల్లారేదాకా వస్తాయి.

పదకొండింటికి ‘చిల్లర లేదు’ పెట్టు.
ఆత్మకూరు డిపోలో కండక్టరు, వజ్రమ్మని,
టిక్కెట్లు కొట్టీ కొట్టీ బొంగురుపోయిన గొంతు.
కోడిపుంజుకి అర టిక్కెట్టా, ఫుల్ టిక్కెట్టా అని
సంగం నుంచి నెల్లూరు దాకా
బస్సంతా రెండు పార్టీలై కొట్టుకుంటే
పుంజు బుచ్చిలోనే దిగిపోయిందంట,
ఎవురూ చూళ్ళా.
చెప్పేటప్పుడు ఆమె నవ్వదు. అదే గమ్మత్తు.
చెక్ ట్రే లాగేటప్పుడు మటుకు ఇనబాక,
నేనొకసారి తాడు వదిలేశా.

పన్నెండు దాటినాక రెప్పలు బరువెక్కతాయి గదా,
అప్పటికి ‘బావా, తప్పు నీదే’.
ఒంగోలు బావామరుదులు ఇద్దరు.
గోంగూరలోకి ఉల్లిపాయ కొరుక్కోవాల్నా, కోసి కలపాల్నా,
దీని మీద నలభై నిమిషాలు!
ఒకడి చెల్లెలు ఇంకోడి పెళ్ళాం గాబట్టి
ఏ తగువూ తెగదు.
నడమధ్యలో ఆ తల్లి వంటింట్లో గిన్నె పడేస్తాది చూడూ,
ఆ చప్పుడు కోసం కాచుకోనుంటా నేను.

హైదరాబాదోళ్ళది ఒకటుండాది,
నీ ఈడు పిలకాయలందరూ ఇంటారు. నాకు పట్టలా.
జోకు పడకముందే నవ్వులు పోస్తారు,
డబ్బాతో మేత పోసినట్టు.
మేత ఎక్కువైతే నీళ్ళు చెడతాయి,
వారంలో నీకే తెలిసిపోతాది.

మూడింటికి మటుకు ఏదీ పెట్టబాక.
నీళ్ళకి ఊపిరాడని వేళ అది.

పోయినేడు భాద్రపదంలో, ఆకు కదలని రాత్రి
దోమల రొదకి రెండు చెవుల్లోనూ దూర్చుకున్నా.
‘పిట్టగోడ’ అని, కావలి పిల్లొకతె చేసేది.
వాళ్ళ అవ్వ అర్ధరాత్రి మేడ మీద దొంగని పట్టుకొని
మోటారు మెకానిక్కనుకొని
‘పొద్దున రమ్మంటే ఇప్పుడా వచ్చేది’ అని తిట్టి
పానా చేతికిచ్చి పనిలో పెట్టింది.
పాపం వాడు నట్లు విప్పతా ఉండాడు,
అవ్వ టార్చి పట్టుకోనుండాది,
నేను మంచం మీద మెలికలు తిరగతా ఉండా.

ఒక ఫేజు పోయింది.
షెడ్డులో బల్బు వెలగతానే ఉంది,
నాలుగో గుంట మోటార్లు ఆగిపోయినాయి.
కళ్ళు తుడుచుకొని లైటేస్తే
గట్టెంబడి ఎర్రటి కళ్ళు,
లెక్కలేనన్ని,
నీళ్ళ అంచుకొచ్చి నా వైపే చూస్తా.

ఆసామి తిట్టలా.
తెల్లారి గట్టు మీద గొంతుక్కూర్చొని
ఒక రొయ్యని అరచేతిలో పెట్టుకొని
‘అంత నవ్వొచ్చే మాట ఏంది రా’ అని అడిగాడు.
చెప్పబోయా.
అవ్వ దాకా వచ్చి ఆగిపోయా.

జీతంలో పట్టుకుంటున్నారు, ఇంకా ఏడు నెలలుంది.
పగటి పనికి మార్చినారు.
పగలు ఒంటరిగా నవ్వుకుంటా తిరిగితే
ఏమంటారో నీకు తెలవదా.

ఇదిగో నా ఇయర్‌ఫోను. ఎడమ తీగ ఉండదు,
నేనే కత్తిరించా.

ఆ పిల్ల తప్పేముంది అందులో? మంచి పిల్ల.
ముప్ఫై రెండో భాగం,
ఆఖరి తొమ్మిది నిమిషాలు నేను ఇనలా.
రెండుసార్లు పెట్టి ఆపేశా.
నువ్వు ఇని, పొద్దున డ్యూటీ మారేటప్పుడు
ఆ మోటారు తిరిగిందా లేదా
అంతే చెప్పు.